రొయ్యల గుంటలో ‘స్టెయిన్‌లెస్’ షాఫ్టు ఎందుకు విరిగింది?

మైపాడు వైపు నుంచి ఒక రైతు సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ఉప్పుటేటి నీటితో రెండు వనామీ రొయ్యల గుంటలు సాగు చేస్తున్నారు. నీటి సెలినిటీ, అంటే ఉప్పదనం, 15 నుంచి 25 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో అన్ని భాగాల ఉప్పు) మధ్య ఉంటుంది. ‘ఎస్‌ఎస్ ఫ్రేము, ఎస్‌ఎస్ షాఫ్టు’ (ఎస్‌ఎస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, షాఫ్టు అంటే చక్రాలను తిప్పే కడ్డీ) అని చెబితే, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎనిమిది కొన్నారు. అమ్మినవారు అయస్కాంతం పెట్టి చూపించారు, అంటుకోలేదు. నాలుగు నెలలకు వెల్డింగుల దగ్గర ఎర్రటి మరకలు వచ్చాయి. ఆరో నెలలో ఒక షాఫ్టు అర్ధరాత్రి విరిగింది. తనను మోసం చేశారా, ఎపాక్సీ అనే గట్టి రంగు పూత వేస్తే ఇది ఆగుతుందా, ఎవరో సలహా ఇచ్చినట్టు టైటానియం షాఫ్టు వేయించుకోవాలా అని ఆయన అడుగుతున్నారు.

నెల్లూరులో ఇరవై ఏడేళ్లుగా లేతు, ఫాబ్రికేషన్ పని చేస్తున్నాను. మొదట్లో పడవ ఇంజన్ల షాఫ్టులు చేసేవాడిని, తరువాత ఎక్కువగా గుంటల సామానే చేతికి వచ్చింది. రాత్రి పూట ఏరియేటర్ ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. చీకటి పడ్డాక నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటుతుంది, రొయ్య గట్టు వెంట పైకి తేలుతుంది. అందుకే ఈ సమాధానం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అయస్కాంతం సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పరీక్ష మీకు పనికొచ్చే విషయం ఏదీ చెప్పదు. స్టెయిన్‌లెస్ అంటే ఒక లోహం పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. మన దగ్గర దొరికేవాటిలో 202, 304, 316 అనే మూడు రకాలూ అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతానికి పైగా నికెల్ ఉంటాయి. 316లో నికెల్ ఇంకొంచెం ఎక్కువ, పైగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. 202లో ఖరీదైన నికెల్‌ను 4 నుంచి 6 శాతానికి తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి మాంగనీసును 7.5 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. మాంగనీసు కూడా నికెల్ లాగే ఉక్కును అయస్కాంతానికి అంటకుండా చేస్తుంది, కానీ ఉప్పు నుంచి కాపాడదు. మెట్ల రెయిలింగుకు, వంటింటి స్టాండుకు 202 చక్కగా సరిపోతుంది. గుంటకు మాత్రం పనికిరాదు. మరో చిక్కు కూడా ఉంది. అసలైన 304ను చల్లగా వంచినా, లాగినా కొద్దిగా అయస్కాంతానికి అంటుకునే గుణం వస్తుంది. అంటే ఆ పరీక్షలో మంచిది ఓడిపోయి, నాసిరకం గెలిచే అవకాశం కూడా ఉంది.

ఇక అసలు విషయం. స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టదని మనమంతా అనుకుంటాం. నిజానికి అది తుప్పు పట్టే తనను తాను కాపాడుకుంటుంది. గాలి తగిలిన క్షణంలోనే అందులోని క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి ఒక పొర కడుతుంది. దాని మందం రెండు మూడు నానోమీటర్లు. తల వెంట్రుక మందం దానికి పాతిక ముప్పై వేల రెట్లు. కంటికి కనబడదు, గట్టి మొనతో గీకితే పోతుంది, పోయిన చోట గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే తప్ప ఈ పొర నిలవదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కును పోయించాడు. సూక్ష్మదర్శినిలో చూడటానికి నమూనాను ఆమ్లంతో కొరికించబోతే అది సరిగా కొరకలేదు. దాని విలువను ఆయన అక్కడే పట్టుకున్నాడు, కత్తులు చేయించాడు. అంతకు ముందే, 1904 ప్రాంతంలో, ఫ్రాన్సులో లియోన్ గియే ఇలాంటి మిశ్రమాలను తయారు చేసి ఎంతో శ్రద్ధగా పరీక్షించాడు. తుప్పు పట్టకపోవడం మాత్రం ఆయన దృష్టికి రాలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా, పని బల్ల మీద పక్కన పడేసిన ముక్కను మరోసారి తిప్పి చూడాలనిపిస్తుంది నాకు.

ఆ పొరకు ప్రాణం ఆక్సిజన్, శత్రువు క్లోరైడ్. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. మీ గుంట 20 పీపీటీ దగ్గర ఉంటే సుమారు 11 గ్రాములు, అంటే 11,000 మిల్లీగ్రాములు. మామూలు వేడిమిలో 304ను 200 మిల్లీగ్రాముల దాకా, 316ను 1,000 మిల్లీగ్రాముల దాకా నిశ్చింతగా వాడవచ్చని ఈ వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి మీ గుంటలో 202 మాత్రమే కాదు, 304 కూడా ఓడిపోతుంది. 316 కూడా కాపలా లేకుండా గెలవదు. అమ్మినవారు 304 ఇచ్చి ఉంటే అబద్ధం ఆడినట్టు కాదు. మీ నీటికి తగినది ఇవ్వలేదు, అంతే. 202 ఇచ్చి 304 అని చెప్పి ఉంటే అది మోసమే.

నా దగ్గరికి వచ్చిన ఒక షాఫ్టు గురించి చెబుతాను, మీది కూడా బహుశా ఇలాగే విరిగి ఉంటుంది. అల్లూరు దగ్గరి గుంట నుంచి తెచ్చారు. బయట కనబడే భాగం అద్దంలా మెరుస్తోంది, చిన్న మరక కూడా లేదు. విరిగిన చోటు సరిగ్గా నైలాన్ బుష్ (షాఫ్టు తిరిగే చోట దాన్ని పట్టి ఉంచే గొట్టం) లోపల ఉంది. బుష్‌ను కోసి తీస్తే దాని కింద వంగపండు రంగు బురద ఒక పట్టీలా అంటుకుని ఉంది. గుడ్డతో తుడిచాక షాఫ్టు చుట్టూ సూదిమొన గుచ్చినట్టు ఏడెనిమిది రంధ్రాలు కనిపించాయి. ఇంతేనా అనుకుంటూ కుట్టుసూది పెట్టి చూశాను. దాదాపు సగం సూది లోపలికి దిగింది. ఆ రంధ్రం దగ్గర లేతు మీద అడ్డంగా కోస్తే, పైన ఆవగింజ కూడా పట్టనంత సందు, లోపల శనగగింజ పట్టేంత గుల్ల.

కారణం ఇది. బుష్‌కూ షాఫ్టుకూ మధ్య సన్నని సందులో చేరిన నీరు కదలదు. అందులోని ఆక్సిజన్ త్వరలోనే అయిపోతుంది, పొర మళ్లీ కట్టుకోలేదు. కరిగిన లోహం నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం బయటి నుంచి మరింత క్లోరైడ్‌ను లోపలికి లాగుతుంది. గుంట నీటి పీహెచ్ 8 ఉన్నా ఆ సందులో 3 కంటే కిందికి పడిపోవచ్చు. ఇక అక్కడి నుంచి అది ఆగదు. బయట మెరుస్తున్న పెద్ద భాగమంతా కలిసి ఆ చిన్న గుంతనే తినేలా చేస్తుంది. అందుకే స్టెయిన్‌లెస్ ముందుగా హెచ్చరించదు. మామూలు ఇనుము పెచ్చులు ఊడి, బరువు తగ్గి, ఎన్నో నెలల ముందే మనకు కబురు పెడుతుంది. స్టెయిన్‌లెస్ నిగనిగలాడుతూనే ఒక రాత్రి రెండు ముక్కలవుతుంది.

వెల్డింగుల దగ్గర ఎర్రటి మరకలకు కారణం వేరు. వెల్డింగ్ పక్కన నీలం, బంగారు రంగు చారలు చూసి ఉంటారు. ఆ వేడికి క్రోమియం పైకి వచ్చి మందమైన పెళుసు పొరగా మారుతుంది, దాని కింద ఉక్కులో క్రోమియం తగ్గిపోతుంది. ఇంకా లోతున, 450 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు ఉన్న చోట, కార్బన్ వెళ్లి క్రోమియాన్ని పట్టుకుని, ఉక్కు లోపలి సూక్ష్మమైన గింజల అంచుల్లో కూర్చుంటుంది. ఆ అంచులు కాపలా లేని ఇళ్లవుతాయి. దీనికి మందుగా వచ్చినవే 304ఎల్, 316ఎల్. వాటిలో కార్బన్ 0.03 శాతానికి మించదు. మన వర్క్‌షాపుల్లో జరిగే మరో తప్పు కూడా చెప్పాలి. మామూలు ఇనుము రుద్దిన గ్రైండింగ్ బిళ్లతోనే స్టెయిన్‌లెస్‌నూ రుద్దుతారు. బిళ్లలో ఇరుక్కున్న ఇనుప రజను స్టెయిన్‌లెస్ ఒంట్లోకి దిగుతుంది, మొదటి వారంలోనే ఎర్రబడుతుంది. నేనూ తొలి రోజుల్లో ఇదే చేశాను. ఒక రైతుకు పది ఫ్రేములు తిరిగి చేసి ఇచ్చాక బిళ్లలు వేరు చేశాను, తీగ బ్రష్షులు వేరు చేశాను. మీ ఫ్రేము చేసే చోట ఈ ఒక్క విషయం అడిగి చూడండి, పనివాడి సంగతి మీకు తెలిసిపోతుంది.

ఇంకొక చోట కూడా చూడండి. ఫ్రేముకు బిగించిన నట్లు, బోల్టులు. స్టెయిన్‌లెస్ ఫ్రేములో జింకు పూత బోల్టు పెడితే, అది చప్పరించి వదిలిన పిప్పరమెంటు బిళ్లలా తయారవుతుంది. ఆరు మూలల తల గుండ్రంగా అరిగిపోయి స్పానర్ పట్టదు. ఉప్పునీటిలో రెండు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అది బ్యాటరీయే. బలహీనమైనది కరుగుతుంది, బలమైనది బతుకుతుంది. ఇందులో విస్తీర్ణం ముఖ్యం. పెద్ద స్టెయిన్‌లెస్ ఫ్రేముకు చిన్న జింకు బోల్టు పెడితే బోల్టు వెంటనే పోతుంది. పెద్ద జింకు పూత ఫ్రేముకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు పెడితే చాలాకాలం పెద్దగా నష్టం ఉండదు. ఇద్దరి మధ్య నైలాన్ వాషరు, నైలాన్ గొట్టం పెట్టి లోహం లోహానికి తగలకుండా చేస్తే ఇంకా మంచిది.

దీన్నే తిప్పి మనకు అనుకూలంగా వాడుకోవచ్చని మొదట చూపించినవాడు ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. అప్పట్లో ఇంగ్లండు నౌకాదళం కర్ర ఓడల అడుగున రాగి రేకు తొడిగించేది. ఉప్పునీరు ఆ రాగిని తినేస్తుంటే డేవీని అడిగారు. 1824లో ఆయన రాగికి చిన్న ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. ఆ ముక్కలు కరిగిపోయాయి, రాగి నిలిచింది. కానీ ఓడల అడుగున నత్తలు, నాచు గుబురుగా పెరిగి ఓడ వేగం పడిపోయింది. రాగి కొద్దికొద్దిగా కరుగుతూ నీటిలోకి విషం వదలడం వల్లే అంతవరకు అవి దరిచేరలేదు. రాగిని కాపాడితే ఆ విషం ఆగిపోయింది. నౌకాదళం ఆ పద్ధతిని మానేసింది. ఆలోచన మాత్రం బతికింది. 1837లో ఫ్రాన్సులో స్తానిస్లా సొరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచి పూత వేయడానికి పేటెంటు తీసుకున్నాడు. మనం ‘జీఐ’ అంటున్నది ఆ సంతానమే. జువ్వలదిన్నె రేవులోనైనా మరెక్కడైనా ఇనుప పడవ అడుగున, షాఫ్టు పక్కన బిగించే జింకు దిమ్మెలు సూటిగా డేవీ ముక్కలే.

డేవీ కథలోని రాగి సంగతి మనకు మరో విధంగా పనికొస్తుంది. నత్తను చంపే రాగి రొయ్యనూ వదలదు. ఇత్తడి, కంచు బుష్‌లు గట్టివే, కంచు ఉప్పునీటికి బాగా ఓర్చుకుంటుంది కూడా, అయినా నీటిలో మునిగే చోట వాటిని వాడకండి. హేచరీ తొట్లలోనైతే రాగితో పాటు జింకు పూత సామాను కూడా వద్దు. అక్కడ నీరు తక్కువ, పిల్ల లేత.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. ఉప్పు ఎలాగూ తింటుంది. ఏది తినాలి, ఎక్కడ తినాలి అన్నదే మన చేతిలో ఉంది. నా సలహా, ఫ్రేమును తినదగిన భాగంగా, షాఫ్టును తినకూడని భాగంగా ఎంచుకోండి. ఫ్రేము మామూలు ఉక్కుతో చేయించి, వెల్డింగ్, రంధ్రాలు అన్నీ పూర్తయ్యాక మొత్తాన్ని వేడి జింకులో ముంచించండి. ఆ జింకు తొట్టి సుమారు 450 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐదు మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం ఉన్న ఉక్కుకు మన భారతీయ ప్రమాణం చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు అడుగుతుంది, అంటే దాదాపు 85 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కరెంటుతో వేసే తళతళలాడే జింకు ప్లేటింగ్ సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లే. చూపుకు రెండోదే అందంగా ఉంటుంది, గుంటలో ఒక్క పంట కూడా నిలవదు. ముంచేముందు మూసి ఉన్న గొట్టాలకు గాలి రంధ్రాలు తప్పనిసరిగా పెట్టించండి. లోపల గాలి, తడి చిక్కుకుంటే తొట్టిలో గొట్టం పేలి మనుషులు చనిపోతారు. మరొకటి, ఫ్రేముకు జింకు దిమ్మె తగిలించాలనుకుంటే, అది నీటిలో మునిగి ఉన్న భాగాన్నే కాపాడుతుందని గుర్తుంచుకోండి. నీటి గీతకు పైన తుంపర్లు పడి ఆరే భాగమే అన్నిటికంటే ఎక్కువ తుప్పు పట్టేది, అక్కడ దిమ్మె ఏమీ చేయలేదు. ప్రతిసారీ నీరు ఆరిపోయి ఉప్పు చిక్కబడుతుంది, ఆక్సిజన్ మాత్రం పుష్కలంగా అందుతుంది.

షాఫ్టు 316ఎల్ వేయించండి, దొరికితే డూప్లెక్స్ 2205 అనే ఇంకా గట్టి స్టెయిన్‌లెస్ రకం. ఉప్పును తట్టుకునే శక్తిని క్రోమియం, మాలిబ్డినం, నైట్రోజన్ శాతాలతో లెక్కకట్టే ఒక సూత్రం ఉంది. ఆ లెక్కలో 304కు 18, 19 వస్తాయి, 316కు 24 దాకా వస్తుంది, 2205కు 35 దాకా వస్తుంది. సముద్రపు నీటిలో ఏ భయమూ లేకుండా ఉండాలంటే 40 అడుగుతారు. 2205 బలం 304కు దాదాపు రెట్టింపు కాబట్టి షాఫ్టుకు అదొక లాభం, లేతు మీద తిప్పడానికి కష్టపెడుతుంది. 316 వెల్డింగుకు 316ఎల్ కడ్డీ, స్టెయిన్‌లెస్‌ను మామూలు ఉక్కుకు అతికించాల్సి వస్తే 309ఎల్ కడ్డీ అడగండి. వెల్డింగ్ చేసిన చోట రంగు చారలు పోయేదాకా పిక్లింగ్ పేస్టు రాసి, బాగా కడగాలి. ఆ పేస్టులో నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు ఉంటాయి. హైడ్రోఫ్లోరిక్ చర్మం గుండా ఎముకల దాకా దిగుతుంది, వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేని కుర్రవాడి చేత ఆ పని చేయించకండి.

కొనేటప్పుడు తయారీ సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరు (ఉక్కు ఏ విడతలో కరిగించి పోశారో చెప్పే నంబరు) కడ్డీ మీద కొట్టిన నంబరుతో సరిపోవాలి. పాత లోహాలు కొనే పెద్ద వ్యాపారుల దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అనే, ఎక్స్‌రేతో లోహాన్ని పరీక్షించే పరికరం ఉంటుంది. కడ్డీకి ఆనించి మీట నొక్కితే క్షణాల్లో నికెల్ ఎంత, మాలిబ్డినం ఎంత అని చూపిస్తుంది. కార్బన్ చూపించదు, అంటే 316 అని చెబుతుంది గానీ 316ఎల్ అని చెప్పలేదు. మాలిబ్డినం ఉందో లేదో చూసే చుక్కల మందు కిట్టు కూడా దొరుకుతుంది, రైతు సంఘం ఒకటి కొని పెట్టుకుంటే ఎంతో మేలు.

ఎపాక్సీ గురించి. స్టెయిన్‌లెస్ షాఫ్టు మీద వద్దు. బుష్ రాపిడికి ఎక్కడో ఒకచోట పూత లేస్తుంది, లేచిన అంచు కింద ఇందాక చెప్పిన ఊపిరాడని సందే తయారవుతుంది. మామూలు ఉక్కు ఫ్రేము మీదైతే ఎపాక్సీ మంచిదే, కానీ రంగు డబ్బా కంటే ముందు చేసే పనే దాని ఆయుష్షు. గుంట నుంచి తీసిన ఫ్రేమును గరుకు కాగితంతో రుద్ది రంగు వేస్తే, ఉప్పు లోపలే ఉండిపోయి పూత గుండా తేమను లాగుతుంది, నెలలోపే బొబ్బలు లేస్తాయి. మంచినీటితో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి, అదే రోజు జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేసి, దాని మీద ఎపాక్సీ వేయాలి.

టైటానియం నిజంగానే ఉప్పునీటికి లొంగదు. సముద్రపు నీటితో చల్లబరిచే విద్యుత్ కేంద్రాల కండెన్సర్లలో దాని గొట్టాలు వాడతారు. కానీ దాన్ని ఖనిజం నుంచి తీయడమే కష్టం. 1940లో విలియం క్రోల్ పేటెంటు పొందిన మెగ్నీషియం పద్ధతే ఇప్పటికీ ప్రధానం, అందుకే ఆ ధర. వెల్డింగుకు ముందు వెనుకల ఆర్గాన్ కప్పాలి, లేకపోతే గాలిని పీల్చుకుని గాజులా పెళుసవుతుంది. బేరింగులో రాసుకుంటే అతుక్కుపోతుంది. మీ ఫ్రేముకు తగిలితే ఫ్రేమునే తినిపిస్తుంది. మీకు అవసరం లేదు.

ఖరీదైనదంతా తుప్పుకు ఓర్చుకుంటుందని మాత్రం అనుకోవద్దు. మనకు దక్షిణాన శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి దశ గొట్టాన్ని మారేజింగ్ అనే ప్రత్యేక ఉక్కుతో చేస్తారు. అందులో 18 శాతం నికెల్, 8 శాతం దాకా కోబాల్టు ఉంటాయి, బలం మామూలు ఉక్కుకు ఎన్నో రెట్లు. క్రోమియం లేదు కాబట్టి పూత లేకుండా మైపాడు గాలిలో పెడితే దానికీ తుప్పు పడుతుంది.

రొయ్యల పట్టుబడి అయ్యాక ఏరియేటర్లన్నిటినీ గట్టు మీదికి తెచ్చి మంచినీటితో కడగండి. గుంటకు బ్లీచింగ్ చల్లేటప్పుడు నీటిలో ఉంచకండి, క్లోరిన్ కూడా ఆ పొరను చీలుస్తుంది. మిగిలిన ఏడు షాఫ్టుల బుష్‌లను జరిపి, కింద సూదితో తడిమి చూడండి. సూది దిగిన షాఫ్టును వచ్చే పంటకు వాడవద్దు, పైన ఎంత మెరిసినా సరే. విరిగిన ముక్కను పాత ఇనుము కింద అమ్మేయకండి. బుష్ కింది భాగంతో కలిపి అంగుళమున్నర ముక్క కోయించి, ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష చేయించండి. నికెల్, మాంగనీసు, మాలిబ్డినం అంకెలు వచ్చాక ఇక్కడ రాయండి, ఆ ఏడింటిని ఏం చేయాలో అప్పుడు చెబుతాను.